అత్తరు పడనివాడు

మా అన్న మస్తాన్ నా ఇంటికి రావాలంటే ముందురోజు నుంచే తయారు కావాలి. తలకు నూనె రాయకూడదు. సబ్బు వాడకుండా శనగపిండితో స్నానం చెయ్యాలి. నేను కుట్టించి ఇచ్చిన ఒక చొక్కా, ఒక లుంగీ సంచిలో మూతి బిగించి తెచ్చుకుని, మా ఊరి మొదట్లో తెలిసినవాళ్ళ గొడ్లపాకలో మార్చుకుని, కట్టుకొచ్చిన బట్టలు అక్కడే వదిలి రావాలి. డెబ్బై దాటిన మనిషి, నెల్లూరులో అత్తరు అంగడి యజమాని, గొడ్లపాకలోంచి లుంగీ ఎగగట్టుకుంటూ బయటికి రావడం చూసి మా ఊరివాళ్ళు నవ్వుతారు. ఆయన పట్టించుకోడు. పోయిన నెల మాత్రం అలా రాలేదు. నాయుడుపేటలో పాత వ్యాపారి ఎవరో చనిపోతే మట్టికి పోయి, తిరిగి వస్తూ, అమ్మను ఒక్కసారి చూసి పోదామని కారును ఇటు తిప్పించాడు. చెవి మడతలో అత్తరు దూది అలాగే ఉంది. గేటు చప్పుడు కన్నా ముందు నాకు హీనా అత్తరు వాసన తెలిసింది. నేను చదువుతున్న పేపరు అక్కడే పడేసి వెనక గదిలోకి పోయి, తలుపు గడియ పెట్టి, తలుపు కింది సందులో తడిగుడ్డ కూరి, ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకున్నాను. ఇదంతా నాకు కసరత్తు లాంటిది. తడుముకోకుండా జరిగిపోతుంది.

కిటికీ అద్దంలోంచి చూశాను. మా అమ్మ హుసేనమ్మ, ఏడాదికి పైగా ఎవరినీ పేరు పెట్టి పిలవని మనిషి, తనంతట తాను మంచం దిగి, గోడ పట్టుకుని, వసారా దాటి గేటు దాకా నడిచింది. అన్న చొక్కా చెయ్యి పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. గట్టిగా గాలి పీల్చింది. తర్వాత ఆమె గొంతు నాకు అద్దం ఇవతలికి కూడా వినిపించింది. "మస్తానూ, అన్నం తిన్నావా? మీ నాయన అంగడి మూసినాడా?" మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. అన్న గేటు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. నేను గదిలో కూర్చుని దగ్గుతున్నాను.

తర్వాత ఆయన రోడ్డు మీద కారులో కూర్చుని నాకు ఫోన్ చేశాడు. మా ఇద్దరి మధ్య ఒక పెరడు, ఒక గోడ.

"చూసినావా, దస్తగిరీ?"

"చూసినాను."

"అమ్మని నాతో పంపించరా. నీ మింద కోపంతో అనడం లేదు. నా వాసన తగలంగానే ఆమెకి పానం లేచొచ్చింది. నీ ఇంట్లో ఏముండాది చెప్పు, ఉప్పుగాలి తప్ప? గోడకి గూడా వాసన ల్యాదు. ఆమె ఈడ బొమ్మ మాదిరి ఉండాది."

"నీ ఇంటికొస్తే నేనింక ఆమెని చూడలేను గదన్నా. నీ సందు మొగలోకి గూడా రాలేను."

"అది నిజమే" అన్నాడు. "శుక్రవారానికి చెప్పు. నేను బలవంతం చెయ్యను."

నేను డైరీలు రాసే మనిషిని. ఉప్పు కొఠార్ల ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచి సూపరింటెండెంటుగా దిగిపోయి ఇంటికి వచ్చిన తర్వాత కూడా, గాలి ఎటు వీచిందో, నాకు ఎప్పుడు ఆయాసం వచ్చిందో, దేనివల్ల వచ్చిందో రాయని రోజు లేదు. బీరువా నిండా అవే. కానీ అన్నకు ఏం జవాబు చెప్పాలో తేల్చుకోవడానికి అవి పనికిరాలేదు. అసలు సంగతులన్నీ నాకు రాయడం పట్టుబడక ముందే జరిగిపోయాయి. అందుకని జ్ఞాపకం ఉన్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

నెల్లూరు పాత ఊళ్ళో ఒక ఇరుకు సందులో మా ఇల్లు ఉండేది. వీధి గదే అంగడి. అరల మీద గాజు బిరడాల సీసాలు, గులాబీ, మల్లె, మొగలి, వట్టివేరు, హీనా, శమామా. మా నాయన గాజుపుల్ల ముంచి తీసి కొనేవాళ్ళ మణికట్టు మీద ఒక గీత గీసేవాడు. మిగిలిన తడిని వృథా చెయ్యకుండా తన గడ్డానికి తుడుచుకునేవాడు. అంగడి వెనక నడవ. నడవలో ఊదుకడ్డీలు చుట్టేవాళ్ళు. మా అమ్మ పొద్దున్నే అన్నం వండి దించి, పీట ముందు కూర్చుంటే సాయంత్రం నమాజు వేళకు గాని లేచేది కాదు. బొగ్గుపొడి, జిగురుపొడి కలిపి పిసికిన ముద్దను వెదురుపుల్ల మీద అరచేత్తో ఒక్క ఊపున చుట్టి, అవి ఆరిన తర్వాత వాసన నూనెలో ముంచేది. ఆ నూనె కలిపే పాళ్ళు ఇంట్లో ఆమెకే బాగా తెలుసు. కొత్త గిన్నె కలిపిన రోజు కళ్ళు మూసుకుని వాసన చూసి, తనలో తాను నవ్వుకునేది. ఆమెకు సువాసన అంటే అంత ప్రాణం. ఆమె అరచేతులు నల్లగా ఉండేవి. సీకాయ పెట్టి తోమినా, బూడిద పెట్టి తోమినా నలుపు కొంత పోయేది గాని వాసన పోయేది కాదు. ఆ చేత్తోనే నాకు ముద్దలు కలిపి పెట్టేది. ముద్ద నోటి దగ్గరికి వచ్చేలోగా నాకు దగ్గు తెర వచ్చేది. అన్నం చూస్తే దగ్గే పిలకాయ అని మా ఇంట్లో నాకు పేరు. అన్నానికీ దగ్గుకీ మధ్య ఒక చెయ్యి ఉందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇంటికి పెద్ద మా జేజి, నాయన తల్లి. అంగడి గడప పక్కన చాప మీద కూర్చునేది. శుక్రవారం మసీదుకు పోయే మగవాళ్ళు ఆమె ముందు తల వంచి పోవాలి. చిన్న దూది ఉండను అత్తరులో ముంచి చెవి పైమడతలో పెట్టేది. వాసన లేని మగాడు ఉప్పు లేని కూడు అనేది. నా వంతు వచ్చినప్పుడు నేను ముక్కు మూసుకుంటే నెత్తి మీద మొట్టేది. సందులో పిల్లలకు నేనొక తమాషా. చేపల మార్కెట్లో ఎండుచేపల గంపల మధ్య నేను హాయిగా తిరిగేవాణ్ణి, ఇంటి గడప తొక్కితే ఈల వేసినట్టు రొమ్ములో చప్పుడు. "అత్తరు సాయిబు కొడుక్కి ఎండు నెత్తళ్ళే పన్నీరురోయ్" అని అరిచేవాళ్ళు. మా అన్న కూడా వాళ్ళతో కలిసి అరిచేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. నవ్వినా దగ్గే.

అత్తర్లలో వేడివీ చల్లవీ ఉంటాయని వ్యాపారం తెలిసినవాళ్ళందరూ నమ్ముతారు. ఎండాకాలానికి వట్టివేరు, గులాబీ చలవ. చలికీ వానకూ హీనా, శమామా వేడి. మా జేజికి ఈ లెక్క కొట్టిన పిండి. కార్తీకంలో తుఫాను వానలు పట్టి ఇల్లంతా తలుపులు బిగించుకున్నప్పుడు నా ఆయాసం ఎక్కువయ్యేది. వాన, చలి, దగ్గు మూడూ కలిసి వచ్చేసరికి ఆమెకు రోగం అర్థమైంది.

"రొమ్ములో నీరు చేరుండాది. దానికి వేడి పట్టించాల. ఆ శమామా సీసా ఇట్టా తియ్ రా" అంది నాయనతో.

"అమ్మా, అది ఎవురెవురికో పెండ్లిళ్ళకి చెప్పి పెట్టిన సరుకు."

"నా మనవడి పానం కంటే ఎక్కువంట్రా ఆ పెండ్లిళ్ళు? తియ్!"

నవాబులు పూసుకునే అత్తరు నాకు పూస్తున్నానని ఆమె గర్వం. రొమ్ముకు, వీపుకు, గొంతు గుంటలో, ముక్కు కింద రుద్దింది. రెండు చెవుల్లో దూది పెట్టింది. పైన దుప్పటి కప్పింది. కాసేపటికి నాకు గాలి లోపలికి పోవడం ఆగిపోయింది. పీల్చిన గాలి బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోదు. తలుపు చెక్క పట్టుకుని భుజాలు ఎగరేస్తూ కూర్చుంటే, ఆమె దగ్గర కూర్చుని "కరుగుతుండాది, కరుగుతుండాది, ఓర్చుకో అబ్బయా" అంటూ ఇంకాస్త రుద్దేది. ఎంత ఎగపోస్తే అంత పూసేది. ఆమె వేళ్ళు మెత్తగా ఉండేవి. నన్ను అంత ప్రేమగా తాకినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇది నేను ఎగతాళికి రాయడం లేదు.

వాన వెలిసినాక నాయన నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు గొట్టం పెట్టి విని, నాయన గడ్డం దగ్గరికి వంగి వాసన చూసి, ఏం వ్యాపారం చేస్తావని అడిగాడు. ఉబ్బసం అన్నాడు. వాసనలు పడవు, ఇంట్లోంచి అత్తర్లన్నీ తీసెయ్యి అన్నాడు. "అన్నీ తీసేస్తే మేం తినేదేంది సార్?" అని నాయన అడిగాడు. "అయితే పిల్లవాణ్ణి తీసెయ్యి" అన్నాడు డాక్టరు. వేరే చోటికి పంపించమని ఆయన ఉద్దేశం. నాయన ఇంటికి వచ్చి జేజికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మూడు తరాలుగా మనోళ్ళు అత్తరు పీల్చి బతికినారు" అంది జేజి. "మనింట్లో పుట్టినోడికి మన అన్నం పెట్టే వాసన పడదంటే, వాడి లోపల ఉండేది వాడు గాదు."

సువాసన దేవదూతలకు ఇష్టమనీ, సైతానుకు గిట్టదనీ మాలో పెద్దల మాట. ఈ మాటను నా ఆయాసం పక్కన పెట్టి చూస్తే ఇంట్లో అందరికీ లెక్క కుదిరింది. నాయనకు కూడా కుదిరింది. గురువారం నాడు దర్గా వైపు నుంచి నెమలీకల కట్ట పట్టుకున్న ఒక ఫకీరును పిలిపించారు. నడవలో పీట మీద నన్ను కూర్చోబెట్టారు. నా ముందు ఇనప ధూపపళ్ళెం. అందులో కణకణమనే బొగ్గులు. ఆ బొగ్గులు రాజేసి తెచ్చింది మా అమ్మ. జేజి తెమ్మంది, తెచ్చింది. నా మీద, పళ్ళెం మీద కలిపి కంబళి కప్పారు. ఒక మూల నాయన, ఒక మూల జేజి, ఒక మూల ఫకీరు, ఒక మూల మా అన్న మస్తాన్ కాలేసి తొక్కి పట్టారు. ఫకీరు కంబళి ఎత్తి పిడికెడు సాంబ్రాణి, ఊదు కలిపి వేసి మళ్ళీ దించాడు.

"ఎవురు నువ్వు? పేరు చెప్పు!" అని పైనుంచి అరిచాడు.

"దస్తగిరిని" అన్నాను.

"అబద్ధం. ఇంకో పిడికెడు వెయ్యండి. యాడ నుంచి వచ్చినావు? పేరు చెప్పు!"

"దస్తగిరిని! జేజీ, నేనే!"

"చూసినారా, గొంతు మారింది" అన్నాడు. గొంతు మారిందంటే మారదా? పొగలో నా గొంతు పిల్లి గొంతులా అయింది. నేను ఎంత కొట్టుకుంటే వాళ్ళకు అంత నమ్మకం. దెయ్యం వదిలేముందు అలాగే కొట్టుకుంటుందట. అన్న కాలు పక్కన కంబళి కొంచెం వదులుగా ఉంటే అక్కడ ముక్కు పెట్టాను. వాడు చూసి కాలు దగ్గరికి జరిపాడు. వాడికి అప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయేమో. ఈ సంగతి మేమిద్దరం ఇంతవరకు మాట్లాడుకోలేదు.

నాకు తర్వాత తెలిసింది బుస్సుమన్న చప్పుడు, ముఖం మీద వేడి ఆవిరి. అమ్మ వంటింట్లోంచి బిందె ఎత్తుకొచ్చి కంబళి మీదా బొగ్గుల మీదా కుమ్మరించింది. నాయన ఆమెను జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయి కొట్టాడు. జేజి కొట్టలేదు. ఆమె ఆలోచించింది. సైతాను కొడుకు నుంచి తల్లికి పట్టిందేమో చూడమని ఫకీరుతో చెప్పింది. కొత్త బొగ్గులు రాజేశారు. అదే కంబళి కింద మా అమ్మను కూర్చోబెట్టారు. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. అమ్మ కదలకుండా, మాట్లాడకుండా ఆ పొగలో కూర్చుంది. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన, ఆమెకు దగ్గు కూడా రాలేదు. కంబళి తీస్తే ముఖం చెమటతో తడిసి ఉంది, అంతే. దాంతో ఆమెలో సైతాను లేదని తేలిపోయింది. ఉంటే నాలోనే ఉండాలి. వచ్చే గురువారం మళ్ళీ పెట్టుకుందాం అన్నాడు ఫకీరు.

బుధవారం తెల్లారేసరికి అమ్మ నన్ను తీసుకుని బస్సెక్కింది. కృష్ణపట్నం అవతల ఉప్పుమడుల్లో ఆమె తమ్ముడు ఖాదర్ మామ మేస్త్రీ. పెళ్ళి చేసుకోలేదు. సముద్రానికీ ఉప్పుటేరుకీ మధ్య తాటాకు పాకలో ఉండేవాడు. అమ్మ జరిగింది చెప్పింది. ఆయన నా రొమ్ము మీద చెవి పెట్టి విన్నాడు. "వీణ్ణి ఈడ వొదిలిపెట్టి నువ్వు పోక్కా" అన్నాడు. ఆమె అలాగే పోయింది. ఆమె గట్టు దిగేలోపలే మామ నా చొక్కా, నిక్కరు విప్పించి పొయ్యిలో పెట్టాడు. నా తల గొరిగించాడు. అమ్మ నాకు చలికి కప్పమని తన పాత చీర మడత ఒకటి ఇచ్చి పోయింది. రెండు రోజులు దాన్ని గాలికి ఆరేశాడు. మూడోరోజు వాసన చూసి, నా ముందే దాన్ని కూడా పొయ్యిలో పెట్టాడు. నేను అడ్డం పడితే చెంప మీద కొట్టాడు. "బతకాలంటే ఇది లేకుండా బతుకు" అన్నాడు. మామ మంచివాడా చెడ్డవాడా అని నన్ను ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు జవాబు తెలియదు. ఆయన నా చేత ఎండలో ఉప్పు లాగించాడు. కాళ్ళ పగుళ్ళలో ఉప్పునీళ్ళు దిగి నేను ఏడిస్తే పక్కకు తిరిగి బీడీ కాల్చుకునేవాడు. కానీ నెల తిరిగేసరికి నేను పరిగెత్తగలుగుతున్నాను. పరిగెత్తడం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మ నెలకు ఒకసారి వచ్చేది. పొద్దున బస్సు దిగి పడమటి గట్టు మీద నిలబడేది. పొద్దుట గాలి పడమటి నుంచి సముద్రం వైపుకు వీస్తుంది. అంటే ఆమె మీది నుంచి నా మీదికి. మామ వెదురుగడకు ఒక గుడ్డపీలిక కట్టి పాక ముందు పాతాడు. ఆ పీలిక ఆమె వైపు తిరిగేదాకా నేను పాక వెనక ఉండాలి, ఆమె గట్టు మీద ఎండలో ఉండాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి పీలిక పడమటికి తిరిగేది. అప్పుడు నేను నాలుగు మడులు దాటి పోయి నిలబడేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఇంకో రెండు మడులు ఉండేవి. ఆమె మాట గాలికి ఎదురు రావాలి గనక అరిచి మాట్లాడేది.

"తిన్నావా?"

"తిన్నా!"

"ఏం తిన్నావు?"

"చేపల పులుసు!"

"మామ కొడతాండాడా?"

మామ పక్కనే ఉండేవాడు. "ల్యా!" అనేవాణ్ణి.

అంతే. తిరుగు బస్సుకు వేళయ్యేది. అలా ఎన్ని నెలలు జరిగిందో నాకు గుర్తులేదు. ఒకసారి ఆమె కొంగు తల నిండా కప్పుకుని వచ్చింది. గాలి తిరిగినాక, మడుల మధ్య గట్టు మీదుగా నా వైపు నడిచి వస్తూ కొంగు తీసేసింది. గుండు. వాసన జుట్టులోనే నిలిచి ఉంటుందని ఎవరో చెప్పారట. మొగుడు బతికుండగా గుండు చేయించుకుందని ఇంట్లో జేజి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టిందని, నాయన వారంపాటు ఆమె చేతి కూడు ముట్టలేదని తర్వాత తెలిసింది. దారిలో ఉప్పుటేట్లో మునిగి, ఒండ్రుమట్టితో ఒళ్ళు తోముకుని, ఎవరో చేపలు పట్టే పట్టపోళ్ళ ఆడమనిషి దగ్గర అడిగి తెచ్చుకున్న చీర కట్టుకుంది. ఆమె దగ్గర చేపల వాసన, బురద వాసన తప్ప ఇంకేమీ లేదు. "రా" అంది. నేను పరిగెత్తాను. ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకుంది. ముఖాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుంది. ఆ అరచేతుల్లో ఉంది అదంతా. ఏళ్ళ తరబడి నూనె చర్మంలోకి దిగిపోయింది. ఏటి నీళ్ళు దాన్ని కదిలించలేకపోయాయి.

ఆమెకు ముందు అర్థం కాలేదు. నేను ఏడుస్తున్నాననుకుని ఇంకా దగ్గరికి హత్తుకుంది. నేను ఆమె చేతులు తోసేస్తున్నాను. మామ పరిగెత్తుకొచ్చి నన్ను ఆమె దగ్గర్నుంచి లాక్కుని ఎత్తుకుని సముద్రం వైపు పరిగెత్తాడు. వెనక్కి చూస్తే ఆమె గట్టు మీద గుండుతో నిలబడి తన రెండు చేతులూ చూసుకుంటోంది. తర్వాత వాటిని వంగి ఉప్పులో రుద్దుకుంది. మడి అంచున పేరిన రాళ్ళ ఉప్పులో, అరచేతులు చీరుకుపోయి నెత్తురు వచ్చేదాకా. మామ నన్ను దించి వెళ్ళి "చాలక్కా. పో ఇంక" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆమె నెలనెలా వచ్చింది. రెండు మడుల కన్నా దగ్గరికి ఎన్నడూ రాలేదు. నేను రమ్మన్నా రాలేదు.

నేను అక్కడే చదువుకున్నాను, అక్కడే ఉద్యోగంలో చేరాను. రెండు మూడు సంబంధాలు చూశారు. పూలు పెట్టుకోకూడదు, పౌడరు పూసుకోకూడదు అంటే ఏ ఆడపిల్ల వస్తుంది? రాలేదు. జేజి చివరిదాకా మనవణ్ణి ఉప్పోళ్ళు ఎత్తుకుపోయారనే చెప్పి, రొమ్ముకు శమామా రుద్దించుకుంటూ చలికాలంలో పోయింది. అప్పట్లో నన్ను చంపే వాసన ఒక్క సందులో ఉండేది. అది దాటితే బతికేవాణ్ణి. ఇప్పుడు అది లేని సందు లేదు. బ్యాంకులో గోడకు తగిలించిన డబ్బా గంటకొకసారి చీదుతుంది. ఆటోలో అద్దానికి వేలాడే బిళ్ళ. ఉతికిన బట్టల్లో, ఊడ్చిన నేలలో, చేతులు తుడిచే కాగితంలో. కృష్ణపట్నం కరెంటు ఫ్యాక్టరీల పొగ గురించి మా ఊళ్ళో ధర్నాలు జరిగాయి. వాటికి నేనూ పోయాను, పక్కన నిలబడిన కుర్రవాడి సెంటుకు పడిపోతే ఫ్యాక్టరీ పొగ వల్లేనని పేపర్లో రాశారు. అప్పుడు నన్ను సైతాను అన్నారు. ఇప్పుడు నేను ఎవరి దగ్గరైనా ముక్కు మూసుకుని నిలబడితే చాలు, "మా దగ్గర కంపు కొడతాందా సార్?" అంటారు. సైతానుతో కనీసం పేరు అడిగి మాట్లాడేవాళ్ళు.

నాయన పోయినాక, అమ్మ వేళ్ళు వంగిపోయి ఊదుకడ్డీలు చుట్టడం మానేసినాక, నా దగ్గరికి వస్తానంది. ముందు ఏడాది పెరట్లో వేరే పాక వేయించి అందులో ఉంచాను. ఆమే అలా ఉంచమంది. రోజూ పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపి "చూడు" అనేది. నేను వాసన చూసి తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఒకరోజు తల ఊపలేదు. ఆ మధ్యాహ్నం ఆమె నాకు చేపల పులుసు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నాకు అప్పటికే తల నెరిసింది. అలా కొన్నేళ్ళు గడిచాయి. అవి మంచి ఏళ్ళు. అయితే మా ఇంట్లో పువ్వు లేదు, సబ్బు లేదు, ఒక ఊదుకడ్డీ లేదు. అన్నేళ్ళు సువాసనలో బతికిన మనిషి నాకోసం ఏ వాసనా లేని చోట కూర్చుంది. మెల్లగా ఆమెకు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు.

మరిచిపోయినప్పటి నుంచి, నేను గదిలోకి పోతే ఆమె గోడవైపు జరిగిపోయేది. రెండు చేతులూ కొంగు కింద దాచుకునేది. పరాయి మగవాడు వచ్చాడనుకుంటోందని నేను అనుకునేవాణ్ణి. చేతులు బయటికి తియ్యదు గనక తనంతట తాను తినేది కాదు. పక్క పల్లె నుంచి కావమ్మ వచ్చి తినిపించి పోయేది. శుక్రవారం అన్నకు జవాబు చెప్పాలి. గురువారం మధ్యాహ్నం నేను కావమ్మ చేతిలోంచి కంచం తీసుకుని మంచం దగ్గరికి పోయాను. అమ్మ గోడకు అతుక్కుపోయింది.

"రావొద్దు నాయనా" అంది. "ఆడే నిలబడు. గాలింకా తిరగలా."

నేను నిలబడిపోయాను.

"గాలి తిరిగిందమ్మా. చూడు, సముద్రపు గాలి. నీ చేతుల్లో ఏమీ లేదు. వాసన పోయి ఎన్నో ఏళ్ళయింది."

"నీకు తెలవదు. పిలకాయవి" అంది. చేతులు ఇంకా లోపలికి దాచుకుంది. "నా చేతులు మంచియ్యి గావు. నీకు పడదు. పో, మామ దగ్గరికి పో."

కంచం కింద పెట్టి నేను ఇంకో అడుగు వేస్తే ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఏడాదికి పైగా నేను ఆ గదిలోకి పొద్దునా సాయంత్రం పోతూనే ఉన్నాను. పోయిన ప్రతిసారీ ఆమె నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టినందుకే గోడకు జరిగింది. నా ఇంట్లో, నా కళ్ళ ముందు, ఆమె రోజంతా నాకు కాపలా కాస్తూ భయంతో కూర్చుంటోంది. అన్న ఇంట్లో అయితే ఆ చేతులు బయటికి తీసుకోవచ్చు.

నేను బయటికి వచ్చి అన్నకు ఫోన్ చేశాను. "రేపు రా అన్నా. బట్టలు మార్చుకోబల్లేదు. అత్తరు పెట్టుకునే రా" అన్నాను.

శుక్రవారం నమాజు తర్వాత ఆయన వచ్చి తీసుకుపోయాడు. నేను ఇంట్లో లేను. సముద్రం ఒడ్డుకు పోయి, కారు పోయిందని కావమ్మ వచ్చి చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను. గదిలో హీనా వాసన పోవడానికి తలుపులన్నీ తెరిచి, రెండు రాత్రులు వసారాలో పడుకున్నాను.

నిన్న అన్న ఫోన్ చేశాడు. వెనక అంగడి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి.

"నడవలో పీట ముందర కూచోబెట్టినా రా. ఊరికే నాలుగు పుల్లలు, పిండి ముద్ద ఇచ్చినా. చుడతా ఉండాది. వంకర టింకరగా వస్తాండాయి గాని చుడతా ఉండాది. అన్నం ఆమె చేత్తో ఆమే తింటాండాది."

"నిద్రపోతాందా?"

"బాగా పోతాంది."

"నన్ను అడిగిందా?"

ఆయన అంగడి బయటికి వచ్చినట్టున్నాడు, చప్పుళ్ళు తగ్గాయి. అబద్ధం చెప్పాలా వద్దా అని చూస్తున్నాడని నాకు తెలుసు.

"ల్యాదురా" అన్నాడు.

"మంచిదన్నా" అన్నాను. అడిగిందంటే నేను దగ్గరికి వచ్చేస్తానేమోనని మళ్ళీ భయపడుతున్నట్టు. అడగలేదంటే ఆ భయం పోయినట్టే.